సోఫా గారి త్యాగం

దేశంలోకి ఆర్థిక మాంద్యం వచ్చిందన్న సంగతి ఫర్నిచర్ షోరూం సిబ్బందికి టీ కప్పు సైజు తగ్గిన రోజున అధికారికంగా తెలిసింది. పేపర్లు అంతకు చాలా ముందు నుంచే రాస్తున్నాయి గానీ, పేపర్లో రాసినవన్నీ నమ్మేంత అమాయకులు సోఫాలు అమ్మే ఉద్యోగంలో ఉండరు. సోఫాల విభాగం బాధ్యుడు ఆ కొత్త కప్పును రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క గుక్కలో టీ అయిపోయాక, వచ్చేసిందని పక్కవాళ్ళకు నెమ్మదిగా చెప్పాడు.

ఈయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. షోరూంలో చేరిన ఏడాదికే అది జీతం రోజున మాత్రమే బయటికి తీసే వస్తువైపోయింది. మిగతా రోజుల్లో అందరికీ ఆయన సోఫా గారు. జీవితంలో ఆయన నాలుగు మాంద్యాలు చూశాడు. మొదటి మూడింటిలో చాలా తెలివిగా ప్రవర్తించానని ఆయనే చెబుతాడు. ఆయన ప్రస్తుత పరిస్థితి చూసినవాళ్ళెవరికీ ఇందులో అనుమానం రాదు.

టీ కప్పు చిన్నదైన ఆ మొదటి మాంద్యంలో షోరూం మెట్లెక్కే నాథుడు లేకపోయాడు. యజమాని సిబ్బందిని సమావేశపరిచి, ఇది మాంద్యం కాదనీ, మన కుటుంబానికి వచ్చిన పరీక్ష అనీ, మంచి కుటుంబాల్లో జీతాల ప్రస్తావన రాదనీ సెలవిచ్చాడు. తర్వాత తన ఆలోచన బయటపెట్టాడు. లోపల సందడిగా కనిపిస్తేనే బయటివాళ్ళకు లోపలికి రావాలనిపిస్తుంది. కాబట్టి సిబ్బందిలో సగంమంది మామూలు బట్టలేసుకుని కొనుగోలుదారుల్లా తిరగాలి. మిగతా సగం వాళ్ళకు సరుకు చూపించాలి.

సోఫా గారికి కొనుగోలుదారు వేషం పడింది. ఆయనకు సరుకు చూపించే పని మంచాల మేడమ్‌ది. ఆవిడ మంచాల విభాగం చూసే మనిషి, ఇంట్లో మంచం పట్టిన తల్లినీ చూసుకునేది. సోఫా గారు తన చేత్తో తానే అంటించిన ధర చీటీని తొలిసారి చూస్తున్నట్టు చూసి, నోరు తెరిచి, బేరం మొదలుపెట్టాడు. ఎంతసేపు ఆడినా బేరం కుదరలేదు. పాత్రలో లీనమైపోయి, "ఈ రేటుకి ఎవరు కొంటారమ్మా?" అనేసి విసురుగా బయటికి నడిచాడు.

అద్దాల గదిలోంచి ఇదంతా చూసిన యజమాని మనసు చివుక్కుమంది. మనవాడే మన సోఫా వద్దని వెళ్ళిపోతే బయటివాళ్ళ సంగతేమిటని నిలదీశాడు. మర్నాడు సోఫా గారు మరింత బాధ్యతగా నటించి సోఫా కొన్నాడు. బిల్లు కూడా రాశారు. నటన ఎక్కడ ముగిసిందో, వ్యాపారం ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియలేదు గానీ, ఆ సాయంత్రానికి సోఫా ఆయన ఇంటికి చేరింది. ముందుగదిలో దాన్ని పెట్టాక వీధి తలుపు సగమే తెరుచుకునేది. ఆయన భార్య ఆ గదిలోనే పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేది. ఆవిడ సోఫా చుట్టూ తిరగబోయి, తిరిగే చోటు లేక ఆగిపోయింది.

"ఏమండీ, వాళ్ళు మిమ్మల్ని పెట్టుకున్నది అమ్మడానికి కదూ?" అంది.

రెండో మాంద్యం నాటికి యాజమాన్యం బాగా రాటుదేలింది. జీతాలు తగ్గించడమనే మాట మొరటుగా ఉంటుందని, దానికి స్వచ్ఛంద సర్దుబాటు అని పేరుపెట్టారు. సర్దుబాటుకు ప్రతిఫలంగా ప్రతి ఒక్కరికీ హోదా పెంచారు. సోఫా గారు జనరల్ మేనేజర్ అయ్యాడు. మంచాల మేడమ్ కూడా అయ్యింది. లారీలోంచి బల్లలు దించే మనిషీ, తలుపు దగ్గర నిలబడే మనిషీ కూడా అయ్యారు. ఊడ్చే మనిషిని కూడా జనరల్ మేనేజర్ చేశారు. ఆయన ఆ మర్యాదకు తగ్గట్టు చీపురు ముట్టుకోవడం మానేశాడు. దాంతో జనరల్ మేనేజర్లందరూ వంతులు వేసుకుని ఊడ్చేవారు. సోఫా గారు తన వంతు రోజున టై కిందికి వేలాడకుండా భుజం మీదికి వేసుకుని మరీ ఊడ్చేవాడు. హోదా పెరిగిందని ఇంట్లో చెబితే, భార్య సంతోషించి, స్టవ్ మీద పెడితే అది ఉడుకుతుందా అని అడిగింది.

మూడో మాంద్యంలో సర్దుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఓ రోజు యజమాని సోఫా గారినీ మంచాల మేడమ్‌నీ గదిలోకి పిలిచి, ఇద్దరూ తనకు రెండు కళ్ళలాంటివాళ్ళని చెప్పాడు. ఒక కంటితోనూ లోకం బాగానే కనిపిస్తుందని డాక్టర్లు అంటున్నారని కూడా చెప్పాడు. ఎవరు ఉండాలో, ఎవరు వెళ్ళాలో రేపు ప్రకటిస్తానన్నాడు.

ఇద్దరూ మెట్లు దిగుతూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే భార్య, రేపు నోరు మెదపకుండా కూర్చోమంది. ఆ మాట విని ఉంటే ఈ కథ లేదు. ఆ పూట ఆయన బావమరిది కూడా ఇంట్లోనే ఉన్నాడు. బీమా పాలసీలు అమ్ముతాడు కనుక మనుషుల భయాల గురించి అతనికి తెలియనిది లేదు.

"బావగారూ, నా మాట వినండి. రేపు మీరే ముందుగా వెళ్ళి, నన్ను తీసేయండి సార్, ఆవిడకి ఇంట్లో పెద్దావిడ ఉంది అనండి. అంత పెద్ద మాట అన్నాక ఆయన మిమ్మల్ని ఎలా వదులుకుంటాడు? కరిగిపోతాడు. ఆవిడ్నే పంపిస్తాడు. మీకు ఉద్యోగానికి ఉద్యోగం, పేరుకి పేరు."

సోఫా గారికి ఇది నచ్చింది. స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, గొంతు ఎక్కడ వణకాలో చూసుకున్నాడు. మొదట మరీ ఎక్కువ వణికితే కొంచెం తగ్గించాడు.

మర్నాడు యజమాని గదిలోకి వెళ్ళి పాఠం అప్పజెప్పాడు. గొంతు అనుకున్న చోటే వణికింది. యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. సరిగ్గా బావమరిది చెప్పినట్టే కరిగిపోయాడు. కరిగిపోయి, ఒప్పేసుకున్నాడు.

"మీలాంటి మనిషి కోరిక కాదనే పాపం నేను మూటగట్టుకోలేను," అన్నాడు.

సోఫా గారు పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. అది కూడా గొప్ప మనసు లక్షణంగానే నమోదైంది. సాయంత్రం వీడ్కోలు సభ పెట్టి పూలగుత్తి ఇచ్చారు. మంచాల మేడమ్ కన్నీళ్ళు పెట్టుకుని, "అన్నయ్యగారూ, ఈ మేలు జన్మలో మరిచిపోను," అంది. నిజం చెప్పడానికి అది మంచి సమయం కాదనిపించి, ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. వినయం అన్నారు.

తర్వాతి రోజులు ఆయనకు గౌరవంగా గడిచాయి. వీధిలో నడుస్తుంటే తెలియనివాళ్ళు కూడా నమస్కారం పెట్టేవారు. ఉద్యోగం అడగడానికి వెళితే లేచి నిలబడి కుర్చీ చూపించేవారు. ఒక పరుపుల దుకాణం యజమాని ఆయన రెండు చేతులూ పట్టుకుని, మీలాంటి త్యాగమూర్తికి జీతమిచ్చి అవమానించలేనని, ఊరికే వచ్చి పనిచేస్తానంటే మాత్రం తలుపులు తెరిచే ఉంటాయని చెప్పాడు. గొప్పవాడని పేరు పడ్డాక చిన్న ఉద్యోగం దొరకదనీ, పెద్ద ఉద్యోగం ముందూ దొరకదు, తర్వాతా దొరకదనీ ఆయనకు అప్పుడు తెలిసింది.

భార్య ట్యూషన్లు పెంచింది. ఆయన వంటగదిలో కూరగాయలు తరుగుతూ, ముందుగదిలో ఆవిడ భిన్నాలు చెబుతుంటే వినేవాడు. ఒకటిని ముక్కలు చేసి పంచితే ప్రతి ముక్కా ఒకటి కంటే చిన్నదే అవుతుందని ఆవిడ చెప్పేది. షోరూంలో ఇన్నేళ్ళు పనిచేసినా ఈ సంగతి తనకెవరూ చెప్పలేదేమిటా అనుకునేవాడు.

ఒక ఆదివారం మంచాల మేడమ్ పళ్ళు తీసుకుని వచ్చింది. సోఫా మీద ఒక చివర కూర్చుని, కాసేపు చీర అంచు సర్దుకుని, చివరికి బయటపడింది.

"మీతో ఒక మాట చెప్పాలండీ. ఆ రోజు నేనూ అదే చెబుదామని తలుపు బయట నిలబడ్డాను. ఆయన్ని తీసేయకండి, నన్ను తీసేయండి అని. అలా అంటే సార్ కరిగిపోయి నన్నే ఉంచుతారని ఒకాయన సలహా ఇచ్చాడు. మీరు ముందు వెళ్ళిపోయారు."

"ఎవరమ్మా ఆ సలహా ఇచ్చింది?"

"అమ్మ పాలసీ కోసం వచ్చే బీమా ఆయన. మీకేదో చుట్టమట."

వంటగదిలోంచి గిన్నె కిందపడిన చప్పుడూ, దాని వెనకే ఆయన భార్య నవ్వూ వినిపించాయి. సోఫా గారు కూడా నిజం చెబుదామని నోరు తెరిచాడు. మీరు మాత్రం మనస్ఫూర్తిగా చేశారు కదండీ అంది మేడమ్. తెరిచిన నోట్లో ఆయన ఒక పండు పెట్టుకున్నాడు.

మాంద్యం వెళ్ళిపోయింది. సోఫాలు మళ్ళీ అమ్ముడయ్యాయి. ఆయన స్థానంలో ఒక కుర్రవాణ్ణి తీసుకున్నారు. పాతవాళ్ళను వెనక్కి పిలిస్తే వాళ్ళ త్యాగం విలువ తగ్గిపోతుందని యాజమాన్యం భావించింది.

నాలుగోసారి మాంద్యం వచ్చినప్పుడు యజమాని స్వయంగా ఫోన్ చేశాడు. షోరూంలో త్యాగ స్ఫూర్తి సదస్సు పెడుతున్నామని, ముఖ్య వక్తగా వచ్చి అనుభవాలు చెప్పమని కోరాడు. ఈయనకు వెళ్ళాలని లేదు. భార్యే వెళ్ళమంది. వెళ్ళి ఈసారైనా జరిగింది జరిగినట్టు చెప్పి రండి, నెత్తి మీంచి ఆ బరువు దిగుతుంది అంది.

సోఫా గారు మైకు ముందు నిలబడి నిజమే చెప్పాడు. తాను త్యాగం చేయలేదన్నాడు. బావమరిది చెప్పిన ఎత్తు అన్నాడు. ఆవిడను పంపించేసి తాను ఉండిపోదామనుకున్నానని, అద్దం ముందు గొంతు వణికించడం నేర్చుకున్నానని, అంత తెలివితక్కువవాడు ఈ భవనంలో మరొకడు లేడని చెప్పాడు. సభ కడుపుబ్బ నవ్వింది. ఆ వెంటనే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంచాల మేడమ్ కూడా కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది.

"చూశారా, తన త్యాగాన్ని ఎంత తక్కువ చేసుకుంటున్నారో. దీన్నే సంస్కారం అంటారు," అని యజమాని మైకు అందుకున్నాడు. ఇంతటి స్ఫూర్తి పొందాక ఈ మాంద్యంలో త్యాగానికి ఎవరు ముందుకొస్తారని సభను అడిగాడు.

ఎవరూ ముందుకు రాలేదు. సోఫా గారి ఉపన్యాసాన్ని అందరూ శ్రద్ధగా విన్నారు మరి. ముందు వెళ్ళినవాడి గతేమిటో వాళ్ళకు బాగా అర్థమైంది. కాసేపటికి వెనక వరుసలోంచి ఒకతను లేచి, ఇంత గొప్ప గౌరవానికి తాను తగననీ, తన పక్కనున్న మిత్రుడైతే అన్ని విధాలా తగినవాడనీ ప్రతిపాదించాడు. ఆ మిత్రుడు లేచి, తనకంటే తన ముందు కూర్చున్నామె యోగ్యురాలన్నాడు. ఆ తర్వాత సభలో మర్యాద పొంగిపొర్లింది. లేచిన ప్రతి మనిషీ పక్క మనిషి గుణగణాలను నిండు మనసుతో పొగిడాడు. ఒకరి గురించి ఒకరు అంత మంచి మాటలు చెప్పుకోవడం ఆ షోరూంలో అదే మొదటిసారి. చివరికి సోఫాల విభాగం కుర్రవాడు లేచి, మంచాల మేడమ్ పేరు చెప్పాడు. ఈ గౌరవం గతంలో ఆవిడకు కొద్దిలో తప్పిపోయిందని గుర్తుచేశాడు. చప్పట్లు ఆగలేదు.

సోఫా గారు మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి గొంతు వణకలేదు.

"ఇందరి పేర్లు చెప్పారు. యజమానిగారి పేరు ఎవరూ చెప్పలేదేం? ఆయన మాత్రం తగరా?" అన్నాడు.

సాంకేతిక కారణాల వల్ల మైకు ఆగిపోయింది. అదే ఊపులో సభ ముగిసినట్టు ప్రకటించారు. మంచాల మేడమ్ చేతికి పూలగుత్తి వచ్చింది.

ఇద్దరూ కలిసి బస్టాపు దాకా నడిచారు. ఆవిడ పూలగుత్తిని ఎలా పట్టుకోవాలో తెలియక సంచిలా వేలాడేసుకుని నడుస్తోంది.

"చప్పట్లు మీకంటే నాకే ఎక్కువ పడ్డాయి, అన్నయ్యగారూ," అంది.

ఆయన ఒప్పుకున్నాడు. ట్యూషన్‌కి పిల్లలు ఎక్కువైపోయారని, మా ఆవిడకు చిన్నపిల్లల్ని చూసుకునే మనిషి కావాలని, వస్తారేమో ఆలోచించమని అడిగాడు. అందులో ఎత్తేమైనా ఉందా అని ఆవిడ అడిగింది. లేదని చెప్పాడు. ఆవిడ నమ్మడానికి ఇంకో రెండు బస్సులు వెళ్ళిపోయేంత సేపు పట్టింది.

సదస్సు ఘనవిజయం సాధించిందని యాజమాన్యం ప్రకటించింది. అది నిజమే. సభలో ఉన్నవాళ్ళకంటే త్యాగానికి ప్రతిపాదించిన పేర్లే ఎక్కువ వచ్చాయి. తన పేరు తాను చెప్పుకునేంత అహంకారి ఒక్కడూ లేడు. ఇది చదువుతున్న మీకు కూడా, మీ ఆఫీసులో ఇలాంటి గౌరవానికి తగిన పేరొకటి ఈపాటికి తట్టే ఉంటుంది. అది మీ పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు.