పన్నెండో పేరు

ఆగస్టు చివరి శుక్రవారం పొద్దున రాయిస్ హ్యాంబీ వేసుకున్న పథకంలో పెద్ద పనులేవీ లేవు. వైనెల్ హోటల్‌కు వెళ్ళి మొక్కజొన్న జావ, రెండు గుడ్లు తినాలి. రేడియోలో పన్నెండు పేర్లు చెప్పాలి. ఎండ ముదరకముందే చెరువుకు పోయి గాలం వేయాలి. దాణా కొట్టు అమ్మేసి ఇంటిపట్టున ఉంటున్న డెబ్బై దాటిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ పన్నెండు పేర్లూ కాలేజీ ఫుట్‌బాల్ జట్లవి. అలబామాలోని ఆ క్యాటల్పా ఊళ్ళో బిడ్డ పుడితే మొదట అడిగేది ఆడా మగా అని, రెండోది మార్బరీయా టెన్సానా అని. మార్బరీ కాలేజీ గుర్తు కంచరగాడిద, రంగు ముదురెరుపు. టెన్సా వాళ్ళది కొంగ, రంగు నారింజ. ఊళ్ళో సగం ఇళ్ళ ముందు గాడిద జెండా, సగం ఇళ్ళ ముందు కొంగ జెండా ఎగురుతుంటాయి. ఏటా ఆటలు మొదలయ్యే ముందు ఊరి రేడియోలో మాట్లాడే డస్టీ మైకు పట్టుకుని వైనెల్ హోటల్‌కు వస్తాడు. రోజూ వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే లేచి, డిసెంబరులో చివరి పోటీలకు ఎంపికయ్యే పన్నెండు జట్లేవో జోస్యం చెప్పాలి. పరువు తప్ప వేరే పందెం లేదు. నోరు జారితే మాత్రం మళ్ళీ ఆగస్టు దాకా ఊరు గుర్తుపెట్టుకుంటుంది.

ఒక నియమాన్ని ఎవరూ చెప్పకుండానే అందరూ పాటిస్తారు. గాడిద మనిషి జోస్యంలో కొంగ ఉండకూడదు, కొంగ మనిషి జోస్యంలో గాడిద ఉండకూడదు. టెన్సా జట్టు దేశం మొత్తం మీద మొదట నిలిచిన సంవత్సరం కూడా మార్బరీ వాళ్ళెవరూ దాని పేరెత్తలేదు. జోస్యం తప్పినా తలెత్తుకు తిరిగారు.

దారిలో ట్రక్కు నడుపుతూ రాయిస్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. పదకొండు వచ్చాయి. పన్నెండోది మాత్రం ఎంత తల గోక్కున్నా రాలేదు. వెనకటి రోజుల్లో ఈ తంటా ఎక్కడిది? అప్పట్లో అసలు చివరి పోటీలే లేవు. కొత్త సంవత్సరం నాడు పెద్ద ఆటలు నాలుగు జరిగేవి. పత్రికల వాళ్ళు ఓట్లేసి ఫలానా జట్టు గొప్పదనేవారు, కోచ్‌లు ఓట్లేసి కాదు ఇంకోటి అనేవారు. ఏదీ తేలేది కాదు. ఆ తేలకపోవడంలోనే ఉండేది మజా అంతా. పత్తి విత్తే దాకా జనం అరుగుల మీద కూర్చుని వాదించుకునేవారు. తర్వాత ఇద్దరికి పోటీ అన్నారు, కొన్నాళ్ళకు నలుగురికి అన్నారు, ఇప్పుడు పన్నెండు మందికట. రేపు పిలుపు భోజనాల్లాగా ఊరందరినీ రమ్మంటారు కాబోలు అనుకున్నాడు రాయిస్.

వాదన అనుకోగానే డెల్మర్ గుర్తొచ్చాడు. డెల్మర్ స్ట్రౌడ్ టెన్సా మనిషి, రాయిస్‌కు బడి నాటి నేస్తం. ఇంట్లో అరుపులు వద్దని డెల్మర్ వాళ్ళమ్మ తరిమేస్తే, ఇద్దరూ వాళ్ళ నాన్న ట్రక్కులో కూర్చుని రేడియోలో ఆట వినేవారు. ఒళ్ళో కాగితం పొట్లంలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. కిటికీలోంచి తొక్కలు విసురుతూ, ఒకడు గంతేస్తే ఒకడు తిడుతూ, బ్యాటరీ అయిపోయే దాకా వినడం, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ట్రక్కు తొయ్యడం. అంత సుఖం రాయిస్ మళ్ళీ ఎక్కడా ఎరగడు.

ఇరవై ఏళ్ళ కిందట ఇద్దరూ కలిసి వెళ్ళిన ఒక ఆట చివర్లో టెన్సా కుర్రాడు తన్నిన బంతి గోలు స్తంభం నెత్తి మీదుగా పోయింది. రెండు స్తంభాల లోపల్నుంచి పోతే టెన్సాకు గెలుపు. లోపల్నుంచి పోయిందని డెల్మర్ అన్నాడు, బయటినుంచి పోయిందని రాయిస్ అన్నాడు. రిఫరీ లోపలే అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మాటా మాటా పెరిగి డెల్మర్ పెట్రోలు బంకు దగ్గర ట్రక్కు దిగి నడిచి ఇంటికి పోయాడు. అంతే. ఆనాటి నుంచి రాయిస్ వైనెల్ దగ్గర పొద్దున తింటాడు, డెల్మర్ మధ్యాహ్నం తింటాడు. ఊరు కూడా దానికి అలవాటు పడిపోయింది.

"రాయిస్ గారూ, మీ వంతు!" అని హోటల్లో డస్టీ మైకు ముందు పెట్టాడు. రాయిస్ పదకొండు పేర్లూ గడగడా చెప్పేశాడు. మార్బరీని మొదటే చెప్పాడు, బల్లల మీద చరిచారు. పన్నెండో దగ్గర ఆగాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ కనిపించింది. ఈ మాట డెల్మర్ ఎక్కడో ఒకచోట వింటుంటాడు కదా అనిపించింది. అనిపించాక నోరు ఆగలేదు.

"పన్నెండోది... టెన్సా."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. వైనెల్ కాఫీ పోస్తూ పోస్తూ కప్పు నిండినా చూసుకోలేదు. డస్టీ గబగబా ట్రాక్టర్ల ప్రకటన పెట్టేశాడు.

"రాయిస్ గారూ, కాస్త మంచినీళ్ళు తాగండి," అంది వైనెల్ మెల్లగా. ఆవిడ అతనితో అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

ఇంటికొచ్చేసరికి భార్య ఒలీటా సంచి భుజాన వేసుకుని వరండాలో నిలబడి ఉంది.

"ఎక్కడికే?"

"డాక్టరు దగ్గరికి. ఎడమ చెయ్యి లాగుతోందా?"

"నాకేం లేదే. పన్నెండోది తోచక ఏదో ఒకటి చెప్పాను."

"తోచకపోతే మా తమ్ముడు పనిచేసే కాలేజీ పేరు చెప్పొచ్చుగా! నడు."

డాక్టరమ్మ ఉత్తరాదిన వెర్మాంట్ నుంచి ఈ మధ్యనే వచ్చిన చిన్నపిల్ల. ఏమిటి బాధ అని అడిగింది.

"టెన్సాను పన్నెండింట్లో చేర్చాడమ్మా," అంది ఒలీటా.

"అయితే?"

"అయితే అంటారేమిటి? పెళ్ళయినప్పటి నుంచీ నారింజ పండు ఇంట్లోకి రానివ్వని మనిషి ఈయన!"

డాక్టరమ్మకు ఏమీ బోధపడలేదు. కళ్ళల్లో టార్చి వేసి చూసింది, ఇది ఏ సంవత్సరమని అడిగింది, దేశాధ్యక్షుడెవరని అడిగింది. రాయిస్ సరిగ్గానే చెప్పాడు. ఎలాగూ వచ్చారు కదా, ఈ ఏటి రక్తపరీక్షలు చేయించండి, సోమవారం తెలుస్తుంది అని పంపేసింది. బయట గదిలో చర్చిలో ఆర్గన్ వాయించే ఎర్మా మోకాలి నొప్పితో కూర్చుని ఉంది.

"ఏమన్నారు ఒలీటా?"

"పరీక్షలు రాశారు. సోమవారం తెలుస్తుందట," అంది ఒలీటా.

ఎర్మా మోకాలి సంగతి మరిచి లేచి నిలబడింది. రేడియోలో విన్నది ఒకటి, ఇక్కడ చూసింది ఒకటి. రెండూ కలిపితే ఎవరికైనా వచ్చే జవాబు ఒక్కటే. బతకాలనుకున్న మార్బరీ మనిషి ఎవడూ టెన్సా పేరెత్తడు. పోయేముందు అందరితో మంచిగా ఉండాలనుకుంటేనే ఎత్తుతాడు.

మధ్యాహ్నానికి ప్రార్థనల బృందం వాళ్ళ ఫోన్లు ఊరంతా తిరిగాయి. సాయంత్రానికి వంటకాలు రావడం మొదలైంది. కోడి అన్నం, చిలగడదుంపల పాయసం, మకరోనీ, మళ్ళీ కోడి అన్నం. ఆ ఊళ్ళో ఎవరింట్లో కష్టమొచ్చినా వండి పంపడం మర్యాద. గిన్నె అడుగున పేరు అంటించి పంపుతారు, కోలుకున్నాక కడిగి తిరిగిస్తారు. కానీ ఈసారి చాలామంది తిరిగివ్వక్కర్లేని రేకు పళ్ళేల్లో పంపారు. రాయిస్ వంటగదిలో ఆ పళ్ళేలను చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఒలీటా, వీళ్ళు నన్ను పోయేవాడి కింద తేల్చేశారే!"

"నువ్వు చేసుకున్నదేగా. ఇదిగో, మకరోనీ తిను."

వచ్చినవాళ్ళందరికీ నాకేమీ లేదు మొర్రో అని చెప్పుకున్నాడు. "ఎంత గుండె నిబ్బరం!" అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మంగలి ఇంటికొచ్చి ఊరికే క్షవరం చేసిపోయాడు. శనివారం పొద్దున టెన్సా అభిమానుల సంఘం వాళ్ళు నారింజ పూల చక్రం తెచ్చి గుమ్మానికి ఆనించి, టోపీలు తీసి తలలు వంచి నిలబడ్డారు. వాళ్ళ వెనకే అంత్యక్రియలు జరిపించే కాల్విన్ వచ్చాడు.

"తొందరేం లేదు రాయిస్ గారూ," అన్నాడు కాల్విన్ చేతులు నలుపుకుంటూ. "పెట్టె లోపలి గుడ్డ ముదురెరుపు కావాలని ఎప్పుడో అన్నారు. ఇప్పుడు మనసు మారిందేమో, నారింజ వేయమంటారా?"

"కాల్విన్, ఇంకో మాటన్నావంటే ముందు నిన్ను పెడతాను అందులో!"

"ఆ కోపం రావడం కూడా మామూలేనండి," అని కాల్విన్ జాలిగా తలూపి వెళ్ళాడు.

తర్వాత పాస్టరు టార్ప్లీ వచ్చాడు. ఆ ఊళ్ళో ఏ జట్టూ లేని మనిషి ఆయనొక్కడే, ఉద్యోగం అలాంటిది. "రాయిస్, ఎవరితోనైనా మాట పట్టింపులు మిగిలాయా?" అని అడిగాడు. కిటికీలోంచి డెల్మర్ ఇంటి వైపు రోడ్డు కనిపిస్తోంది, రాయిస్ అటే చూస్తూ ఉండిపోయాడు. నిజం చెప్పాలంటే ఈ రెండు రోజులుగా ప్రతి కారు చప్పుడుకీ అతను లేచి చూస్తున్నాడు. ఊరంతా వచ్చింది, రావలసినవాడు రాలేదు. రేడియోలో టెన్సా పేరు చెప్పి పరువు పోగొట్టుకున్నది ఎవరికోసం? ఆ మనిషికే పట్టకపోతే ఈ తతంగమంతా దేనికి?

ఆదివారం మధ్యాహ్నం జనం పల్చబడ్డాక ఒక పాత కారు ఆగింది. డెల్మర్ దిగాడు. నడుము వంగింది, నారింజ టోపీ మాత్రం అలాగే ఉంది. చేతిలో తడిసిన కాగితం సంచి. వరండా మెట్లెక్కి, అడక్కుండానే పక్క కుర్చీలో కూర్చుని, సంచి మధ్యలో పెట్టాడు. ఉడకబెట్టిన శెనక్కాయలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఇద్దరూ కాసేపు వలుచుకు తిన్నారు.

"ఒరేయ్ రాయిస్," అన్నాడు డెల్మర్ చివరికి, రోడ్డు వైపే చూస్తూ. "ఆ రోజు బంతి బయటికే పోయిందిరా. నువ్వన్నదే నిజం."

రాయిస్ వలిచిన కాయను మళ్ళీ సంచిలో పడేశాడు. ఆ ఒక్కమాట కోసం ఇరవై ఏళ్ళు కాచుకున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుని రెండుసార్లు దగ్గితే చాలు, ఆ మాట ఎప్పటికీ తనదే. చావట్లేదని చెబితే మాటా పోతుంది, మనిషీ పోతాడు. చెప్పకపోతే పక్కన కూర్చున్నవాడిని మోసం చేసినట్టు. డెల్మర్ కాయలు వలిచి, పెద్ద గింజలు ఏరి రాయిస్ వైపు పెడుతున్నాడు. అది చూశాక ఇక లాభం లేకపోయింది.

"డెల్మర్, నాకేం రోగం లేదురా. నేను చావట్లేదు."

"తెలుసు."

"తెలుసా?"

"నిన్న ట్రక్కుకి నాలుగు టైర్లూ కొత్తవి వేయించావటగా. పిసినారి వెధవ్వి, చచ్చేవాడివైతే వేయిస్తావా?"

"మరెందుకొచ్చావు?"

డెల్మర్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఊళ్ళో అందరూ నువ్వు పోతున్నావనుకున్నారు. నాకు మాత్రం నువ్వు రేడియోలో నన్ను పిలిచినట్టు వినిపించింది. శుక్రవారమే వచ్చానురా. నీ ఇంటిముందు కారు పెట్టడానికి చోటేదీ?"

రాయిస్ కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు. ఇరవై ఏళ్ళ శనివారాలు ఒంటరిగా టీవీ ముందు గడిపిన దిగులంతా ఒక్కసారి పైకొచ్చింది. "నువ్వు లేక ఆటలో ఏమీ లేదురా," అన్నాడు.

"నిన్న డస్టీకి ఫోన్ చేసి నా పన్నెండోది మార్బరీ అని చెప్పాను. అప్పట్నుంచి మా ఇంటికి కూడా వరసగా కోడి అన్నమే. ఏడు రేకు పళ్ళేలొచ్చాయి."

"నాకు పదకొండు!"

"అంటే నువ్వే ముందు పోతావన్నమాట."

ఇద్దరూ వరండా దద్దరిల్లేలా నవ్వారు. లోపల్నుంచి ఒలీటా ఎవరికి ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. నవ్వు తగ్గాక రాయిస్‌కు అసలు సంగతి గుర్తొచ్చింది.

"పోన్లే, బంతి బయటికి పోయిందని ఒప్పుకున్నావు. అది చాలు."

"ఎవడొప్పుకున్నాడు? బంతి లోపల్నుంచే పోయింది. నీ నోట నిజం రాబట్టడానికి నేనొక అబద్ధమాడాను, అంతే."

సోమవారం పరీక్షలు బాగానే వచ్చాయి. ఊరు తన ప్రార్థనల బలానికి తానే మురిసిపోయింది. పాస్టరు టార్ప్లీ ఇద్దరు రోగులు ఒకేసారి కోలుకున్న సంగతి పైఆదివారం ప్రసంగంలో చెప్పాడు. ఆ శరత్కాలమంతా శనివారాలు ఇద్దరూ రాయిస్ ట్రక్కులో కూర్చుని, లోపల టీవీ ఉన్నా రేడియోలోనే ఆట విన్నారు. రెండుసార్లు బ్యాటరీ అయిపోయింది. తొయ్యడానికి మోకాళ్ళు సహకరించక, ఒలీటాను పిలిచి తోయించుకున్నారు.

డిసెంబరులో పన్నెండు జట్లను ప్రకటించే రోజు వైనెల్ హోటల్లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. పన్నెండు పేర్లూ చదివారు. వాటిలో మార్బరీ లేదు, టెన్సా లేదు. మార్బరీ పదమూడో స్థానంలో, టెన్సా పద్నాలుగో స్థానంలో ఆగిపోయాయి.

"పోనీ, మేం మీకన్నా ఒక మెట్టు పైనే," అన్నాడు రాయిస్.

"మీరా? మిమ్మల్ని మేం నవంబర్లో మట్టి కరిపించాం. లెక్క తెలిసినవాడెవడైనా మమ్మల్నే పదమూడు అంటాడు!"

మాటా మాటా పెరిగింది. వైనెల్ వచ్చి కాఫీ పోసినా ఇద్దరూ తలెత్తలేదు. ఇరవై ఏళ్ళ కిందటిలాగే పూర్తిగా మాటలు మానేశారు. కాకపోతే ఈసారి ఒకే బల్ల దగ్గర కూర్చుని, రోజూ పొద్దున్నే వచ్చి మానేస్తున్నారు.