పసుపు పట్టీ వారి సంతృప్తి

మా ఆదోనిలో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో రోగుల సేవను మెరుగుపరచడానికి నర్సింగ్ కళాశాల వారు చేపట్టిన పరిశోధన దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను. రేపు నాకు ఊపిరాడకపోతే ఆటోవాడు నన్ను తీసుకుపోయేది అక్కడికే.

పరిశోధనకు ఎంచుకున్న అంశం చాలా లోతైనది. ప్రాణం మీదికి వచ్చిన మనిషి పక్కన తన మనిషి ఒకరు ఉంటే మేలా, కాదా? ఇది ఇంతవరకూ ఎవరికీ తెలియదట. నేను, ఉరుకుందమ్మను, బడికి పోయినదాన్ని కాదు. శనక్కాయల పొట్లాలు విప్పి, గోడల మీది రాతలు కూడబలుక్కుని చదువు పట్టుకున్నదాన్ని. అందుచేత ఈ సంగతి నాకు ముందే తెలుసుననుకోవడం నా అజ్ఞానం. ఆదోని స్టేషన్లో రైలు కిటికీ దగ్గర నా చేయి విడిపించుకుని పోయి, మళ్ళీ రానివాళ్ళు నాకున్నారు. ఆ చేతుల వెచ్చదనం ఇప్పటికీ అరచేతిలో ఉంది. కానీ దాన్ని కొలిచే పరికరం లేదు కాబట్టి అది శాస్త్రం కిందికి రాదు.

శాస్త్రం కిందికి రావాలంటే సగం మంది రోగులను అయినవాళ్ళతో కలిపి ఉంచాలి, సగం మందిని విడదీయాలి. తర్వాత ఎవరు ఎలా ఉన్నారో అడగాలి. కళాశాల ప్రిన్సిపాల్ జయరాజు గారు ఎమ్మిగనూరు నుంచి రోజూ కారులో వచ్చి ఈ ఏర్పాట్లు స్వయంగా చూశారు. సూదులు పెట్టే స్టీలు పళ్ళెంలో మడిచిన చీటీలు వేశారు. రోగి తాలూకు మనిషి ఒక చీటీ తీయాలి. ఆకుపచ్చ వస్తే రోగి చేతికి ఆకుపచ్చ పట్టీ కడతారు. అతని పక్కన కుర్చీ వేసి, ఇంటి మనిషిని ఒకరిని కూర్చోబెడతారు. తలకింద దిండు ఇస్తారు. నర్సు వచ్చి ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో చెబుతుంది. పసుపు వస్తే పాత పద్ధతే. రోగి లోపల, అయినవాళ్ళు ఇనుపగేటు బయట.

ఆ దిండ్లు కుట్టి ఇచ్చింది మా పక్కింటి యూసుఫ్ సాబ్. మా వీధిలో దూది ఏకి పరుపులు కుట్టే చివరి మనిషి ఆయనే.

చీటీకి చిన్నా పెద్దా తేడా తెలియదు. అదే దాని లోపం. మన ఊరివాళ్ళు ఆ లోపాన్ని త్వరలోనే సవరించారు. వార్డు మెంబరు బావమరిదికి పసుపు వస్తే, చీటీ తడిసిపోయిందని చెప్పి ఇంకోటి తీయించారు. ఒక కాంట్రాక్టరుకు వరసగా పసుపే వస్తుంటే, ఆకుపచ్చ వచ్చేదాకా పళ్ళెం ఆయన ముందు నుంచి కదలలేదు. పట్టీ ఇంటికి పోయినా విప్పనివాళ్ళు తయారయ్యారు. ఒక పెళ్ళిలో వరుడి మేనమామ గడియారం పక్కనే ఆకుపచ్చ పట్టీతో కనిపించి అందరి నమస్కారాలూ అందుకున్నాడు. మిగిలిపోయిన పసుపు చీటీలన్నీ పెద్దకడుబూరు నుంచి పత్తి ఏరే చోట పడిపోయి వచ్చినవాళ్ళకూ, ఫోను చేయడానికి ఎవరూ లేనివాళ్ళకూ, ఏ ఒత్తిడీ లేకుండా, పూర్తి నిష్పక్షపాతంగా అందాయి.

ఒక పొద్దున యూసుఫ్ సాబ్ దూది ఏకుతూ ఏకుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య జహీరా బీ, నేను కలిసి ఆటోలో తీసుకుపోయాం. గడ్డం మీద ఇంకా దూదిపోగులు ఉన్నాయి. జహీరా బీ చీటీ తీసింది. ఆకుపచ్చ! నర్సు చదువుకునే శిరీష అనే పిల్ల తనకే వచ్చినంత సంబరపడి పట్టీ కట్టింది. లోపల ఒక్క కుర్చీయే ఖాళీగా ఉంది. జహీరా బీ వెళ్ళి దానిమీద కూర్చుని మొగుడి చేయి పట్టుకుంది. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

అంతలో గేటు కావలి కాశప్ప జహీరా బీ దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, మండీ దుర్గప్పన్న వచ్చినాడు. ఆయప్పకు పసుపు పడింది. పెద్దమనిషి కదా, వాళ్ళోళ్ళు గేటు బయట నిలబడితే ఏం బాగుంటాది? మీ ఆకుపచ్చ పట్టీ ఇట్ల ఇచ్చేయండి."

"దుర్గప్పకేమొచ్చిందిరా?" అన్నాను నేను.

"పొద్దున ఉగ్గాని, బజ్జీ తిన్న్యాడంట. ఎద మంటగా ఉండాదంట."

"బజ్జీలు అరిగేదానికి తోడు కావల్లనా?"

"ఉరుకుందమ్మా, నువ్వు పేపర్లు చదివి శానా మాట్లాడతాండావు. రేపు నీకేమన్నా అయితే ఈ గేటు తీసేది నేనే, మరిచిపోవద్దు."

కాశప్ప చెప్పిన దానిలో తప్పేమీ లేదు.

జహీరా బీ మొగుడి ముఖం చూసింది. ఆయన కష్టంగా నవ్వాడు. "ఇచ్చెయ్యి జహీరా. మంది ముందర మనకెందుకు గలాటా? గేటు కాడనే ఉండు. యాడికీ పోవద్దు."

"యాడికి పోతాను?" అంది ఆమె.

శిరీష తలెత్తకుండా ఆకుపచ్చ పట్టీ కత్తిరించి పసుపుది కట్టింది. యూసుఫ్ సాబ్ తలకింద నుంచి, ఆయనే కుట్టిన దిండును తీసి దుర్గప్పకు వేశారు. ఒక మనిషి కూర్చోవలసిన చోట దుర్గప్ప మనుషులు ఒక గుంపు దిగారు. ఒకడు సెల్లు చార్జింగుకు ప్లగ్గు వెతికాడు. ఒకడు ఫ్యాను సరిగా తిరగడం లేదని నర్సును పిలిచాడు. ఇంకొకడు టీ చల్లారిందని పిలిచాడు. నర్సు ప్రతిసారీ వచ్చింది. పరిశోధన నియమం ప్రకారం ఆకుపచ్చ వారికి అన్నీ వివరించాలి కాబట్టి, టీ ఎందుకు చల్లారిందో కూడా వివరించింది.

జహీరా బీ గేటు కడ్డీలు పట్టుకుని నిలబడింది. అడ్డంగా ఆకుపచ్చ తెర. దాని వెనక నుంచి దుర్గప్ప మనుషుల మాటలు తప్ప ఏమీ వినిపించలేదు. నేను మంచినీళ్ళు తెచ్చాను, తాగలేదు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. "గేటు కాడనే ఉండమన్న్యాడు కదక్కా," అంది.

మధ్యాహ్నానికి దుర్గప్ప త్రేన్చుకుని, తన మోటారు సైకిలు తానే నడుపుకుంటూ ఇంటికి వెళ్ళాడు. యూసుఫ్ సాబ్‌ను కూడా తెర తీసి బయటికి పంపించారు. గడ్డం మీద దూది అలాగే ఉంది. అది ముఖం మీద కప్పిన గుడ్డ ఎత్తితేనే కనిపించింది.

సేవ అంతటితో ఆగలేదు. మూడోనాటి జియారత్ ప్రార్థనలు అయిన మర్నాడు శిరీష ప్రశ్నలు పట్టుకుని ఇంటికి వచ్చింది. గడప బయట చెప్పులు విడిచి, తల వంచుకుని కూర్చుంది.

"అమ్మా, మా సేవలు ఎట్లున్నాయి? బాగాలేవు, పర్వాలేదు, బాగున్నాయి, చాలా బాగున్నాయి..."

"శానా బాగా చూసినారమ్మా," అంది జహీరా బీ. ఆ పిల్లకు టీ ఇచ్చింది.

పిల్ల వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఎట్ల అనబుద్ధయిందే నీకు, శానా బాగా చూసినారని?"

"ఇంటికొచ్చిన పిల్ల అక్కా. మొగం మీదనే బాగలేదని ఎట్ల చెప్పల్ల? మనుమడు మోయిన్‌కు జరమొస్తే ఆడికే కదా పోవల్ల?"

పసుపు పట్టీ వారందరూ ఇదే మాట చెప్పారని తర్వాత తెలిసింది. పెద్దకడుబూరులో, కృష్ణగిరిలో, ఏ ఇంట్లో అడిగినా శానా బాగా చూసినారనే అన్నారు. అడగడానికి వచ్చిన మనిషిని నొప్పించడం మనకు చేతకాదు. ఆకుపచ్చ వారు మాత్రం ఫ్యాను, టీ, దోమలు, ప్లగ్గు అంటూ పేజీలు నింపారు.

మొగుడు పోయినామె గడప దాటకూడని ఇద్దత్ గడువు జహీరా బీకి ముగిసిన తర్వాత కళాశాలలో విజయోత్సవ సభ జరిగింది. "అత్యంత సంతృప్తి చెందిన సహాయకురాలు"గా ఆమెకు సన్మానం ఉందని కారు పంపించారు. తోడుగా నన్ను కూడా ఎక్కించుకున్నారు. వేదిక మీద దుర్గప్ప ముఖ్య అతిథి. రోగిగా ఆయనకున్న అనుభవాన్ని బట్టి ఆ కుర్చీ ఇచ్చారు.

జయరాజు గారు మైకు ముందుకు వచ్చారు.

"సభకు నమస్కారం. మన పరిశోధన ప్రపంచం కళ్ళు తెరిపించింది. అయినవాళ్ళు పక్కన ఉన్న రోగుల కుటుంబాల్లో తీవ్ర అసంతృప్తి! అయినవాళ్ళు గేటు బయట ఉన్న కుటుంబాల్లో సంపూర్ణ సంతృప్తి! కనుక రోగి పక్కన కుర్చీ అనవసరమని శాస్త్రీయంగా రుజువైంది. ఇకపై అందరికీ పాత పద్ధతే. కడ్డీల గేటు స్థానంలో నిండు ఇనుప తలుపు బిగిస్తున్నాం."

చప్పట్లు మోగాయి.

"మా విద్యార్థుల శ్రద్ధకు ఒక ఉదాహరణ. ఒక పసుపు పట్టీ రోగి ప్రాణం పోయే ముందు మతి తప్పి మాట్లాడాడు. 'జహీరా, ఉండావా? జహీరా, ఉండావా?' అని పదే పదే అదే మాట. సందర్భం లేని ఆ మాటను కూడా మా శిరీష వదలకుండా నమోదు చేసింది!"

మళ్ళీ చప్పట్లు. శిరీష మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత జహీరా బీని పిలిచారు. దుర్గప్ప చేతుల మీదుగా శాలువా కప్పించి, రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఆమె మైకును రెండు చేతులతో, ఆనాడు గేటు కడ్డీని పట్టుకున్నట్టే పట్టుకుంది.

"నేను ఆడనే ఉంటిని సార్. గేటు కాడనే. ఎవరన్నా ఒక మాట చెప్పింటే... ఉండానని పలికేదాన్ని. అంతే సార్."

సభలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. దుర్గప్పకు తోచింది. ఆయన చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు. శాలువా ఆమె భుజం మీద నుంచి జారింది. కాశప్ప వచ్చి సర్దాడు.

భోజనాల దగ్గర ఒక కొత్త విద్యార్థిని చేతిలో ఫోనుతో వరస వెంబడి వచ్చింది. నా దగ్గర ఆగి నవ్వింది. "అవ్వా, కార్యక్రమం ఎట్లుండాది?"

పక్కన జహీరా బీ ఆకులో అన్నం ముట్టకుండా కూర్చుని ఉంది. ఎదురుగా ఆసుపత్రి గోడ, దాని మీద ఆనించి పెట్టిన కొత్త ఇనుప తలుపు కనిపిస్తున్నాయి. కాశప్ప అక్కడే నిలబడి నన్ను చూస్తున్నాడు. పిల్ల ముఖం ముచ్చటగా ఉంది. ఎండలో తిరిగి అలసిపోయి ఉంది.

"శానా బాగుంది తల్లీ," అన్నాను.

మీరు నవ్వకండి. ఆ నిండు తలుపు అందరి సంతృప్తితో పోత పోసింది. దానిలో ఉన్నది నా మాట ఒక్కటే కాదు. మిమ్మల్ని అడిగిన రోజు మీరు చెప్పింది కూడా కలిసే ఉంది.