మొదటి అంశంపై విచారణ

మా రహదారి భద్రతా కార్యాలయం గత నెల ఒకటో తేదీ నుంచి ఆధునికమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అంతకుముందు డైరెక్టరుగారికి రోజూ పొద్దున్నే ఆనాటి పనుల నివేదిక రాసిచ్చే బాధ్యత సూపరింటెండెంట్‌గా నాది. పదకొండు పేజీలకు తగ్గకుండా రాసేవాణ్ని. అందులో పని ఎక్కడుందో వెతికి పట్టుకునేసరికి భోజనాల వేళయ్యేది. ఇప్పుడా శ్రమ లేదు. ఒక ఏఐ అసిస్టెంట్‌ను పెట్టుకున్నాం. అది ఫైళ్లన్నీ తిరగేసి, తొమ్మిదిన్నరకల్లా అరపేజీలో తేల్చేస్తుంది.

మొదటిరోజు మొదటి అంశం ఇది: ‘బడి ముందు జీబ్రా క్రాసింగ్, స్పీడ్‌బ్రేకర్ ఫైలు. పరిశీలనలన్నీ పూర్తయ్యాయి. మీ సంతకం ఒక్కటే మిగిలింది. పట్టే సమయం రెండు నిమిషాలు.’

డైరెక్టరుగారు ముగ్ధులయ్యారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఇంత స్పష్టత ఎరగనన్నారు. ఆ స్పష్టత గురించి అధికారులందరితో రెండు గంటలు సమావేశం జరిపారు. దాంతో సంతకానికి టైము చాలలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ దరఖాస్తు పెట్టింది మా అత్తగారు. ఆవిడ ఆ బడిలోనే టీచరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. మా చిన్నది అక్కడే రెండో తరగతి. క్రాసింగ్ వచ్చేదాకా పిల్లలు ఆగలేరు కదా అని, ఆవిడ రోజూ బడివేళకు రోడ్డు మధ్య నిలబడి, చెయ్యి చాపి బండ్లు ఆపి, అందర్నీ దాటిస్తున్నారు. మోకాళ్లు సహకరించవు గానీ గొంతు బాగానే సహకరిస్తుంది. బంధుత్వం ఫైలు మీద పడకూడదని నేను ఆఫీసులో ఆ ఊసే ఎత్తలేదు. నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది.

రెండోరోజూ మొదటి అంశం అదే. మూడోరోజూ అదే. నాలుగోరోజు డైరెక్టరుగారి కనుబొమలు ముడిపడ్డాయి. బ్రీఫింగ్ అన్నాక రోజుకో కొత్త విషయం ఉండాలి కదా, ఇదేం చోద్యమని అడిగారు. కంప్యూటర్లు చూసే ఆయన్ని పిలిపించాం. ఆయన అటూ ఇటూ నొక్కి చూసి, సంతకం పెట్టేస్తే ఆ లైను దానంతటదే పోతుందన్నాడు. సాంకేతిక పరిజ్ఞానం బొత్తిగా లేనివాళ్లే ఇలా మాట్లాడతారు. ఆయన్ని పాత రికార్డుల గదికి పంపించి, ఒకే అంశం పదేపదే ఎందుకు వస్తోందో తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశాం. కన్వీనర్ని నేనే.

కమిటీ మొదటి సమావేశంలోనే ఘనమైన నిర్ణయం తీసుకుంది. విచారణకు మూలం ఆ ఫైలే కనుక అది సాక్ష్యం. సంతకం పెట్టడమంటే సాక్ష్యాన్ని తారుమారు చేయడమే. అంచేత ఫైలును బీరువాలో పెట్టించి, కన్వీనర్ హోదాలో నా చేతులతోనే సీలు వేశాను.

ఈలోగా ఇంకో ఇబ్బంది వచ్చింది. ఎవరో పెద్దావిడ దారిలో కారు ఆపేస్తోందని, డైరెక్టరుగారు రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తున్నారు. ఆవిడ ఎవరో నాకు తెలుసు గానీ, నన్నెవరూ అడగలేదు. ఆయన అసిస్టెంట్‌నే ఉపాయం అడిగారు. క్రాసింగ్ వస్తే ఆవిడ నిలబడే అవసరం ఉండదు, దయచేసి మొదటి అంశం చూడండి అని అది జవాబిచ్చింది. యంత్రానికి చిన్నాపెద్దా తేడా తెలియదని అందరం బాధపడ్డాం.

కమిటీ మూడు వారాలు శ్రమించి, లోపం అంశంలో లేదు, చెప్పే తీరులో ఉందని తేల్చింది. ఇకమీదట ప్రతి అంశాన్నీ అధికారి సాధించిన విజయంగా రాయాలని అసిస్టెంట్‌ను ఆదేశించాం. అబద్ధం రాయలేనంది. నిజాన్నే విజయంగా రాయమన్నాం. మర్నాడు మొదటి అంశం ఇలా వచ్చింది: ‘రెండు నిమిషాల పనిని డైరెక్టరుగారు ఇరవై ఆరు రోజులుగా, ఏ తొందరపాటూ లేకుండా, ఒంటిచేత్తో ఆపి ఉంచారు.’ ఆయన కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు తనను అర్థం చేసుకున్నవాళ్లు ఒకరు దొరికారన్నారు. ఆ వాక్యానికి ఫ్రేము కట్టించి, ఆయన కుర్చీ వెనక గోడకు తగిలించాం.

ఇంట్లో మా అత్తగారిది మాత్రం రోజూ ఒకటే ప్రశ్న. ఫైలు నడుస్తోంది అత్తయ్యా అని రోజూ నాదీ ఒకటే జవాబు. ఆవిడ మోకాలికి పట్టీ బిగించుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని బయల్దేరేవారు.

పోయిన మంగళవారం ఒక మోటారు సైకిలు ఆగలేదు. పిల్లల్ని వెనక్కి నెట్టేసి ఆవిడ పడిపోయారు. పిల్లలకు ఏమీ కాలేదు. ఆవిడకు కాలు విరిగింది. మూడు నెలలు అడుగు కింద పెట్టకూడదన్నారు డాక్టరు.

బుధవారం డైరెక్టరుగారు సరిగ్గా టైముకు వచ్చారు. ఆరోజు మొదటి అంశం: ‘ఈరోజు దారిలో మిమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఆపే మనిషి ఆసుపత్రిలో ఉన్నారు. పిల్లలు ఇంకా ఆ రోడ్డే దాటుతున్నారు.’ ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగి, అందర్నీ హాల్లోకి పిలిచారు.

“తొందరపడి సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి. మనం ఓపిక పట్టాం. సమస్య తనంతట తానే తప్పుకుంది. పరిపాలన అంటే ఇదీ.”

చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. కొడుతుంటే సిగ్గేసింది. సిగ్గేసినా చేతులు ఆగలేదు, ఏళ్లనాటి అలవాటు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. ఆవిడ కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టి ఉంది. మందుల చీటీ చదువుతూ నిలబడ్డాను. ఆవిడే పలకరించారు.

“మీ ఫైలు నడుస్తోందన్నారుగా బాబూ. రోడ్డు దాటేటప్పుడు కాస్త అటూ ఇటూ చూసుకోమనండి.”

ఈరోజు మా చిన్నదాన్ని నేనే తీసుకొచ్చాను. రోడ్డు అంచున నిలబడి చెయ్యి చాపాను. ఒక్క బండీ ఆగలేదు. అందరూ ఆఫీసులకు వెళ్లేవాళ్లే, చెవిలో ఎవరి బ్రీఫింగ్ వాళ్లు వింటున్నారు. ఆ వరసలో, ఇది చదువుతున్న మీరూ ఉన్నారు. మమ్మల్ని చూశారు కూడా. వెనకొచ్చేవాళ్లు ఆపుతారులే అనుకుని ముందుకు సాగిపోయారు. మిమ్మల్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నిన్నటిదాకా నేనూ ఇలాగే వెళ్లాను.

“అమ్మమ్మైతే ఆపేది నాన్నా” అంది మా చిన్నది.

బడి గంట కొట్టేశారు. మేమిద్దరం ఇంకా ఇవతలే ఉన్నాం.