నంబరు మారిస్తే ఇనుము మారుతుంది

కేంఝర్ జిల్లాలో ఇనుపరాయి ఎక్కడుందో చెప్పే భారం ఇకపై భూమికి ఉండదనీ, ఆ బాధ్యత ప్రభుత్వమే తీసుకుందనీ గనుల మంత్రి బృందావన పాత్ర తన ఆఫీసులో ప్రకటించారు. చప్పట్లు మొదలుపెట్టింది పార్టీ కార్యకర్త గోలక్ మహంత. పాత గని కోసం ఊరు లేపేశాక ప్రభుత్వం కట్టిచ్చిన కాలనీలో అతను ఉంటున్నాడు. ఆ ఇంటి పట్టా మీద సంతకం కోసం వచ్చాడు.

"ముందు ఆట. తర్వాత పట్టా," అన్నారు మంత్రిగారు.

ఆటంటే కంప్యూటర్లో గనులు తవ్వే ఆట. కాలేజీ పిల్లలు నేర్చుకోడానికని భువనేశ్వర్ అమ్మాయి సస్మిత తయారుచేసింది. అందులో జిల్లా మ్యాపు ఎక్కించింది.

"ఇందులో ఖనిజం ముందే ఉండదు సార్. మనమొక నంబరు ఇస్తే కంప్యూటరు లెక్కలు కట్టి నేల కింద పుట్టిస్తుంది. పైపైన ఇనుము, లోతుకు పోతే మాంగనీసు, ఎప్పుడో ఓచోట బంగారం. నంబరు మారిస్తే చోటు మారిపోతుంది."

"బోర్లు వెయ్యక్కర్లేదా?"

"ఇది ఆట సార్!"

"మావాళ్లు ఏళ్ల తరబడి బోర్లు వేసి 'ఉండొచ్చు' అంటారు. నీ ఆట 'ఉంది' అంటోంది. ఎవర్ని నమ్మమంటావ్?"

అక్కడికక్కడే ఆట అధికారిక సర్వే అయిపోయింది. మ్యాపులో ఎర్రగా పడిన చోట గని తవ్వడానికి లీజు. స్థానిక చానల్ లైవ్ ఇస్తోంది. ఇంత చురుకైన మంత్రి మరో రాష్ట్రానికి దొరకడు.

మంత్రిగారు తన పుట్టినతేదీ కొట్టించారు. ఎరుపు వెళ్లి ఆయన బావమరిది జీడితోట మీద పడింది. వెంటనే ఫోన్ మోగింది.

"నేను కాదోయ్, కంప్యూటరు! అరవకు... మీ అక్కకు ఫోనివ్వద్దు, మారుస్తున్నా. అమ్మాయ్, ఇంకో నంబరు!"

ఈసారి గని కంపెనీ గెస్ట్‌హౌసు. మళ్లీ ఫోన్. ఆ తర్వాత ఎమ్మెల్యేగారి ఇంజనీరింగ్ కాలేజీ. మళ్లీ ఫోన్. నంబరు మారినప్పుడల్లా గోలక్ చప్పట్లు కొట్టాడు.

"ఇలా మార్చుకుంటూ పోతే ఎలా సార్?" అంది సస్మిత.

"అభ్యంతరం వస్తే మార్చడమేనమ్మా ప్రజాస్వామ్యం!"

ఇంకో నంబరు. గోలక్ చప్పట్లు కొడుతూనే తెర వైపు చూశాడు. చేతులు ఆగిపోయాయి.

"సార్, అది మా కాలనీ!"

"మీదెలా అవుతుంది? పట్టా ఏదీ?"

"అందుకే కదా సార్ వచ్చాను! ఇప్పటికే ఒకసారి లేపేశారు మమ్మల్ని."

"మంచిదేగా. సామాన్లు సర్దడం అలవాటే."

"సార్, పిల్లలున్నారు, ముసలమ్మ ఉంది. నంబరు మార్చమనండి!"

"చూడు గోలక్ భాయ్, ఎదురుగా ఉన్నవాడి మాట విన్నాననుకో, సొంతమనిషికి చేసిపెట్టాడంటారు. అందరిలాగే నువ్వూ ఫోన్ చెయ్యి. పద్ధతంటూ ఒకటుంది."

న్యాయమే అనిపించింది గోలక్‌కి. వరండాలోకి పరిగెత్తి, మంత్రిగారి నంబరు నొక్కాడు. కిటికీ అద్దంలోంచి లోపలంతా కనిపిస్తోంది. బల్ల మీద ఫోన్ మోగింది. మంత్రిగారు తీశారు. కళ్లజోడు పైకెత్తి చూశారు.

"ఎవడో, తెలియని నంబరు," అని కట్ చేసి, కెమెరా వైపు తిరిగారు.

"అభ్యంతరాల కోసం చూశాం. ఒక్కటీ రాలేదు."

లోపల చప్పట్లు మోగాయి.