రామనర్సయ్య కొత్త బుగ్గలు

రామనర్సయ్య బుగ్గలు ఎప్పుడు పోయాయో ఎవరూ చూడలేదు. పాత ఓటరు కార్డు ఫోటోలో ఉన్నాయి. కొత్త ఆధార్ కార్డులో లేవు. ఈ మధ్య కాలంలో, పొలానికీ అడవికీ తిరుగుతూ, ఎక్కడో జారవిడుచుకున్నట్టున్నాడు.

పోతే పోయాయి, వాటితో ఏం పని అనుకునేవాడే. కానీ అన్న కూతురు నవీనను ఖాయం చేసుకోవడానికి పెళ్లివారు వచ్చిన రోజున ఒక ఘోరం జరిగింది. భద్రాచలం వైపు నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనమామ, రామనర్సయ్య భార్య సమ్మక్కకు దండం పెట్టి, పక్కనున్న రామనర్సయ్యను చూసి, "మీ నాయన ఈ వయసుల గూడ మంచిగ నడుస్తున్నడమ్మా" అన్నాడు.

సమ్మక్క నవ్వును కొంగులో దాచుకుంది. కొంగు చాలలేదు.

నిజానికి ఆమెకూ అతనికీ నాలుగేళ్లే తేడా. ఆమెకు నలభై అయిదు, అతనికి నలభై తొమ్మిది. కాకపోతే సమ్మక్క బుగ్గలు పెళ్లినాటి కంటే ఇప్పుడే నిండుగా ఉన్నాయి. ఇంట్లోని బుగ్గలన్నీ ఒకవైపే చేరిపోయాయని రామనర్సయ్య బాధ.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. నవీన తండ్రి చనిపోయి మూడేళ్లయింది. కనుక పెళ్లిపీటల మీద కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు కడగవలసింది బాబాయి రామనర్సయ్య, పిన్ని సమ్మక్క. ఊరంతా చూస్తుంది. వీడియో తీస్తారు. ఆ వీడియోలో సమ్మక్క పక్కన కూర్చున్నది మొగుడా, తండ్రా అని పదిమంది అడిగితే? ఆ ఊహకే అతనికి అన్నం సయించడం మానేసింది. అన్నం మానేసరికి బుగ్గలు ఇంకాస్త లోపలికి పోయాయి.

పక్క ఊరు ఆవపల్లిలో క్షవరం చేసే అతను దీనికి దారి చెప్పాడు. జగదల్‌పూర్ పట్నంలో ఒక చర్మం డాక్టరమ్మ ఉంది, సూదితో మందు ఎక్కిస్తే గుంటలు పడ్డ బుగ్గలు నిండుతాయి, సినిమా వాళ్లంతా అదే చేస్తారు అని ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. రామనర్సయ్య పాత మోటారు సైకిల్ ఒకటి కొందామని దాచిపెట్టుకున్నదంతా బుగ్గలకు బదిలీ చేశాడు.

పెళ్లి బుధవారం. అంతకు ముందు శుక్రవారం, తహసీల్‌లో పట్టా పని ఉందని చెప్పి తెల్లవారుజామునే బస్సెక్కాడు.

పెళ్లెప్పుడని డాక్టరమ్మ అడిగింది. బుధవారం అనేసరికి తల పట్టుకుంది. ఇలాంటి పనికి కనీసం నెల ముందు రావాలని, వాపు పూర్తిగా దిగడానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుందని హిందీలో చెప్పింది. అర్థం కాని చోటల్లా రామనర్సయ్య తల ఊపాడు. ఎక్కువ చోట్ల ఊపవలసి వచ్చింది. చివరికి రెండు బుగ్గలకూ సూది వేయించుకునే లేచాడు.

జాగ్రత్తలు తెలుగులో రాయించి ఇచ్చిన కాగితాన్ని మాత్రం తిరుగు బస్సులో పరీక్షకు చదివినట్టు చదివాడు. బుగ్గలు నొక్కకూడదు, రుద్దకూడదు. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. రెండు రోజులు ఎండ, పొయ్యి సెగ, బరువు పని, సారా, అన్నీ బంద్. చన్నీళ్ల గుడ్డను ఒత్తకుండా ఆనించాలి. నొప్పి మరీ ఎక్కువైనా, చర్మం తెల్లబడినా, చూపు తేడాగా ఉన్నా ఆ క్షణమే ఫోన్ చేయాలి. ఇంటికి చేరే లోపల కాగితం చించి కిటికీలోంచి వదిలేశాడు. గూఢచారులు ఇలాగే చేస్తారని ఎక్కడో విన్నాడు.

శనివారం పొద్దున్నే మొదటి పరీక్ష వచ్చింది. తడికట్టెలు అంటుకోవడం లేదు, ఊదుగొట్టం తీసుకుని కాస్త ఊదమంది సమ్మక్క.

బుగ్గలు పూరించి ఊదడమంటే ఏమిటో తలుచుకునేసరికి రామనర్సయ్యకు చెమట పట్టింది. మెడ పట్టేసిందన్నాడు. ఊదడానికి మెడ ఎందుకని ఆమె అడిగింది. అతను చేట తెచ్చి, ఆరు గజాల దూరంలో నిలబడి, పొయ్యి వైపు విసిరాడు. పొయ్యి అంటుకోలేదు కాని బూడిదంతా లేచి ఆమె మీద పడింది.

తర్వాత ఇప్పపూలు ఏరడానికి రమ్మంది. చెట్టు కింద వంగుని ఎండెక్కేదాకా ఏరే పని అది. మెడ నొప్పి మళ్లీ అక్కరకొచ్చింది. సమ్మక్క బుట్ట నెత్తిన పెట్టుకుని, మొగుళ్ల మెడల గురించి దారి పొడుగునా మాట్లాడుకుంటూ వెళ్లిపోయింది. రామనర్సయ్య వెల్లకిలా పడుకుని గురకపెట్టాడు.

ఆ మధ్యాహ్నం నుంచి అతని అదృష్టం తిరిగింది. ఏ అబద్ధం చెప్పినా సమ్మక్క నమ్మేస్తోంది.

మెడకు ఎత్తు కావాలనగానే బూరుగు దూది దిండ్లు రెండు తెచ్చి తల కింద పెట్టింది. పక్కకు తిరిగితే మెడ మళ్లీ పడుతుందని తనే చెప్పి, రెండు వైపులా వడ్ల సంచులు అడ్డం వేసింది. వేడికి పొక్కులు వస్తున్నాయంటే పొయ్యి దరిదాపులకు రానివ్వలేదు. కొత్త కుండ నీళ్లలో గుడ్డ ముంచి చేతికిచ్చి, గట్టిగా ఒత్తుకోవద్దని కూడా అంది. పాతికేళ్లకు పైగా తన మాట ఒక్కటీ నమ్మని మనిషి ఇలా నమ్ముతుంటే, తను ఇన్నాళ్లూ సరిగ్గా అబద్ధమాడలేదని రామనర్సయ్యకు అర్థమైంది.

సాయంత్రం ఆమె ఆకు దొప్ప నిండా ఇప్పసారా పోసి తెచ్చింది. పక్కింట్లో అప్పుడే దింపారట. వాసన ముక్కు దాకా వచ్చి పలకరించింది. రామనర్సయ్య కళ్లు మూసుకుని, పెళ్లయ్యేదాకా ముట్టనని అమ్మవారికి మొక్కుకున్నానన్నాడు.

"ఏ అమ్మవారికి?" అంది సమ్మక్క భక్తిగా.

అతను కాసేపు ఆలోచించాడు. "అందరికి."

ఆమె దొప్పను అతని ఎదురుగానే, కళ్లకద్దుకుని, ఆ అమ్మవార్లందరి పేరునా తాగేసింది.

ఆదివారం బుగ్గలు ఇంకొంచెం పొంగాయి. అద్దంలో చూసుకుంటే ఓటరు కార్డు కూడా దాటిపోయాయి. మొత్తానికి గట్టెక్కాననుకున్నాడు. ఎండ తప్పింది, పొయ్యి తప్పింది, సారా తప్పింది. కాగితంలో ఉన్నవన్నీ తప్పించాడు.

కాగితంలో లేనిది సోమవారం వచ్చింది. పెళ్లికూతురికి నలుగు పెట్టే రోజు అది.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పెళ్లికూతురికి నలుగు పెట్టాక మిగిలిన పసుపు ముద్ద వరసైన మగవాళ్లకు చెల్లుతుంది. వదినలు, మరదళ్లు కలిసి మనిషిని పట్టుకుని, నూనె కలిపిన పసుపును ముఖానికి మెరుగు వచ్చేదాకా రుద్దుతారు. ఎంత గట్టిగా రుద్దితే అంత ప్రేమ. రామనర్సయ్య అంటే వాళ్లందరికీ చాలా ప్రేమ. డాక్టరమ్మ రుద్దకూడదంది కాని, మీకు వదినలు ఎంతమంది అని అడగలేదు. అడగకపోయినా చెప్పాలని ఇతనికి తట్టలేదు.

పందిట్లో నవ్వులు వినపడగానే రామనర్సయ్య గొడ్ల కొట్టంలో దూరాడు. ఎద్దు చాటున కూర్చున్నాడు. ఎద్దు పక్కకు జరిగింది. ఆరుగురు ఆడవాళ్లు అతన్ని రెక్కలు పట్టుకుని పందిట్లోకి లాక్కొచ్చారు. పన్నెండు చేతులు పసుపు నింపుకుని ముఖం మీదకు వచ్చాయి.

అప్పుడే కోసి అనే ముసలమ్మ చేయెత్తింది. పక్క గూడెంలో ఉండే దొర్ల తెగ ఆమె, నాటు వైద్యం తెలిసిన మనిషి. అతని ముఖాన్ని వెలుగులో అటూ ఇటూ చూసి, "ఆగుండ్రి. ఇవి గవద బిళ్లలు" అంది.

చేతులు గాలిలో ఆగిపోయాయి. రామనర్సయ్యకు కోసి ముసలమ్మ దేవతలా కనిపించింది.

"అవ్, గవద బిళ్లలే. నిన్నటి సంది," అన్నాడు. నమ్మకం కుదరడానికి కొంచెం మూలిగాడు కూడా.

అరగంటలో అతన్ని పందిరికి దూరంగా వడ్లు నిలవ చేసే కొట్టంలో కూర్చోబెట్టారు. గవద బిళ్లలకు మెడలో బంగారం ఉండాలని పెళ్లికూతురి గొలుసు తెచ్చి మెడలో వేశారు. పిల్లల్ని అటు పోవద్దని కర్ర పట్టుకుని కాపలా కాశారు. కోసి ముసలమ్మ ఆముదం ఆకులు వేడి చేసి బుగ్గలకు కట్టడానికి తెచ్చింది. వేడి ముట్టకూడదని మొక్కుకున్నానని రామనర్సయ్య ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

ఇదంతా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది సాయంత్రం వచ్చింది.

నవీన తల్లి సుశీల గుమ్మం బయటే నిలబడి, తలదించుకుని చెప్పింది. గవద బిళ్లలు పెళ్లికొడుకుకు అంటుకుంటే అతనికి పిల్లలు పుట్టరని పెద్దవాళ్లు భయపడుతున్నారట. కాళ్లు కడగడానికి మరిది కూర్చోవద్దన్నారట. దంపతులే కూర్చోవాలి కనుక సమ్మక్క కూడా లేవాలి. వాళ్లకు బదులు రామనర్సయ్య పెద్దనాన్న కొడుకు వీరేందర్, అతని భార్య కూర్చుంటారు.

వీరేందర్‌కు బుగ్గలు పుట్టుకతోనే ఉన్నాయి.

సుశీల వెళ్లిపోయాక రామనర్సయ్య మెడలోని గొలుసు చూసుకుంటూ కూర్చున్నాడు. సమ్మక్క పక్కన మొగుడిలా కనిపించాలని ఇంత చేస్తే, సమ్మక్కకు పక్కనే లేకుండా పోయింది. అంతకంటే మించి, అన్న పోయినప్పటి నుంచీ ఆ పిల్లకు జడ వేసిందీ, జ్వరమొస్తే మేలుకుని కూర్చున్నదీ సమ్మక్క. ఆ పీట మీద కూర్చునే హక్కు ఊళ్లో ఎవరికన్నా ఉంటే ఆమెకే ఉంది. దాన్ని తన రెండు బుగ్గలు మింగేశాయి.

సమ్మక్క అన్నం పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికొచ్చి, చాప మీద అతని పక్కనే కూర్చుంది.

"సమ్మక్కా, నీకొక్క మాట చెప్పాలె," అన్నాడు. "ఇవి గవద బిళ్లలు గావు."

"తెలుసు."

"పట్టా పనికి గూడ పోలె."

"అది గూడ తెలుసు. శనివారం నువ్వు గుర్రువెట్టి పండుకున్నప్పుడు జగదల్‌పూర్ నుంచి ఫోనొచ్చింది. బుగ్గలు ఎట్లున్నయ్, నొప్పి ఎక్కువున్నదా, తోలు తెల్లగైందా అని అడిగింది డాక్టరమ్మ కాడ పనిచేసే పిల్ల. వేరే ఎవరికో చేసినవమ్మా, మా ఇంట్ల బుగ్గలు లేవంటే, నీ పేరు చదివింది. ఇగ ఏమేం చెయ్యాల్నో అన్నీ నాకు హిందీల అప్పజెప్పింది."

రామనర్సయ్యకు రెండు దిండ్లు, వడ్ల సంచులు, చన్నీళ్ల గుడ్డ ఒకదాని వెంట ఒకటి కళ్లముందు నడిచిపోయాయి. ఇప్పసారా దొప్ప అన్నిటికంటే నిదానంగా నడిచింది.

"మరి నన్ను అడగలేదేంది?"

"ఇంకెన్ని ఆడుతవో చూద్దామని. మంచిగనే ఆడినవ్," అంది. అంతలోనే గొంతు మార్చి అంది: "ఎవడో ఒక్కడు ఒక్క మాటన్నడని జగదల్‌పూర్ దాక పోయినవ్. సూదిల దారం ఎక్కుతలేదు, కండ్లు చూపిద్దాం పా అని రెండేండ్ల సంది నేనంటున్న. ఆవపల్లి దాక తీస్కపోయినవా? దూరమున్నోళ్లంత నాకు సక్కగ కనవడుతున్నరు. దగ్గరున్న నువ్వే మసక. బుగ్గలు నింపుకున్నవ్ సరే, చూసేటందుకు నాకు కండ్లుండాలె గద."

అతను సమాధానం కోసం అన్నం కంచంలోకి చూశాడు. అందులో పప్పే ఉంది.

"పో. వదినకు నీ నోటితోనే చెప్పు," అంది సమ్మక్క. "నేను ఆ పీట మీద కూసోవాలె."

ఆమె కూర్చోవాలి. అంతే. రామనర్సయ్య లేచి, మెడలో గొలుసుతోనే పందిట్లోకి నడిచాడు. ఆడవాళ్లు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. అతను సుశీల ముందు నిలబడి, జగదల్‌పూర్ నుంచి మొదలుపెట్టి గొడ్ల కొట్టం దాకా అంతా చెప్పేశాడు. మెడ నొప్పి కూడా అబద్ధమని, ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నాడు.

వీరేందర్ తన బుగ్గలు తడిమి చూసుకున్నాడు.

ముందు నవ్వింది సుశీల. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు అది. మొదట చిన్నగా వచ్చి, తర్వాత ఆగకుండా, చివరికి కళ్లు తుడుచుకుంటూ నిలువు రాటను పట్టుకుని నవ్వింది. "మీ అన్నుంటే నిన్ను సంపునురా మరిదీ, నవ్వి సంపును," అంది. నవీన వచ్చి తల్లి భుజం పట్టుకుంది. రామనర్సయ్యకు అవమానం అనిపించవలసిన చోట ఇంకేదో అనిపించింది. ఏమిటో తెలియక తల గోక్కున్నాడు.

పీటలు మళ్లీ సమ్మక్కకు వచ్చాయి. అయితే నలుగు బాకీ అలాగే ఉందని వదినలు లేచారు. పన్నెండు చేతులు మళ్లీ పసుపులో మునిగాయి.

"బుగ్గలు ముట్టొద్దు," అని సమ్మక్క అడ్డం వచ్చింది. "డాక్టరమ్మ పదిహేను రోజులన్నది. ఇటు తెండ్రి, నేనే వెడ్త."

రామనర్సయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత మంచి భార్యకు అన్ని అబద్ధాలు చెప్పానే అనుకుంటూ కళ్లు మూసుకుని ముఖం అప్పగించాడు. ఆమె నుదురు రుద్దింది. ముక్కు, గడ్డం, చెవులు, మెడ, బట్టతల, ఒక్క చోటు వదలకుండా, నూనె ఇంకేదాకా రుద్దింది. బుగ్గల మీద మాత్రం గోరు కూడా తగలనివ్వలేదు. మాట అంటే మాటే.

పసుపు పాత పంటది, బాగా పట్టింది. రెండు రోజులు కడిగినా దిగలేదు. బుధవారం పీటల మీద కూర్చున్న రామనర్సయ్య ముఖం నిండా చామంతిపువ్వు రంగు, మధ్యలో పసుపంటని రెండు గుండ్రని మచ్చలు. పెళ్లికొడుకు తరఫు వాళ్లు ఒక్కొక్కరూ వచ్చి అదేంటని అడిగారు. సమ్మక్క ఒక్కొక్కరికీ విడివిడిగా, ఓపికగా, మొదటి నుంచీ చెప్పింది.

వీడియో తీసేవాడు కాళ్లు కడిగే ఘట్టంలో ఆ రెండు మచ్చల దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు. ఆ పెళ్లి వీడియో ఇప్పుడు భద్రాచలం దాకా అందరి ఫోన్లలో ఉంది. ఎవరు చూసినా అందులో ముందు కనిపించేది పెళ్లికూతురు కాదు, పెళ్లికొడుకూ కాదు, రామనర్సయ్య బుగ్గలు. అతను కోరుకున్నదీ అదే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాడు.