మూతపడని కత్తి

ఆ రోజు గంట ముందే ఇంటికి వెళ్ళి పడుకోవాలని రిసెప్షనిస్టు అనుకుంది. కొన్నాళ్ళుగా ఆమెకు నిద్ర చాలడం లేదు. పళ్ళ డాక్టరుగారు కూడా, "పేషెంట్లందరూ అయిపోతే వెళ్ళమ్మా," అన్నారు. హాల్లో నలుగురే ఉన్నారు కాబట్టి ఆశ పెట్టుకుంది.

క్లినిక్ నుంచి బస్టాపు దాకా దారి నిర్మానుష్యంగా ఉంటుందని తమ్ముడు ఆమెకు ఒక మడత కత్తి కొనిచ్చాడు. మీట నొక్కితే చటుక్కున తెరుచుకుంటుంది. "ఎవడైనా మీదకొస్తే చూపించక్కా, చాలు," అన్నాడు. ఇంతవరకూ ఎవడూ రాలేదు. సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ నడిచే ఆమెను చూస్తే దొంగలకైనా జాలేస్తుందేమో. కత్తి ఊరికే పడి ఉండటమెందుకని మందుల పెట్టెలు కోయడానికి, యాపిల్ చెక్కు తీయడానికి, గోడమీద పాత స్టిక్కర్లు గీకడానికి వాడుకునేది.

ఆ మధ్యాహ్నం హాల్లో కుర్చీల కింద అంటుకుపోయిన చూయింగ్ గమ్‌ను దానితో గీకింది. పళ్ళు పాడయ్యాయని వచ్చేవాళ్ళు అది ఎందుకు నములుతారో ఆమెకు ఎప్పుడూ అర్థం కాలేదు. పని అయ్యాక మూయబోతే కత్తి మూతపడలేదు. గమ్ మడతలో దూరి బిగుసుకుపోయింది. సంచిలో వేస్తే సంచి చిరుగుతుంది, బల్లమీద పెడితే ఎవరికైనా గుచ్చుకుంటుంది. అందుకని చేతిలోనే పట్టుకుని పేషెంట్ల ముందు నిలబడి, "తర్వాత ఎవరండీ?" అంది.

ఎవరూ లేవలేదు.

"మీరేనా?" అని కత్తితోనే ఒకాయన వైపు చూపించింది.

"నేను కాదమ్మా. నాకు నొప్పి తగ్గిపోయింది," అంటూ ఆయన లేచి బయటికి నడిచాడు. పక్కనున్న ఆవిడకు తన నొప్పి నిన్ననే తగ్గిన సంగతి గుర్తొచ్చింది. మూడో ఆయన ఏమీ చెప్పకుండానే వెళ్ళాడు. చివరికి మిగిలింది మామూలు బట్టల్లో వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు. దవడ పట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు గనక ఆయన ఏదీ చూడలేదు. ఆమె ఆయన్నే లోపలికి పంపింది.

ఇదంతా చూసిన నర్సు, "ఇలా ఇవ్వక్కా, మరిగే నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది," అని కత్తి తీసుకుపోయింది. మరిగాక తీసి, ఆరడానికి దగ్గర్లో కనిపించిన ట్రేలో పెట్టి, దూది తేవడానికి వెళ్ళింది. అది డాక్టరుగారి ట్రే.

లోపల ఇన్‌స్పెక్టరు జ్ఞానదంతం డాక్టరుగారికి చెమటలు పట్టిస్తోంది. ఎంత లాగినా సగం కదిలి ఆగిపోయింది. పేషెంటు నోట్లోంచి చూపు తిప్పకుండా, "ఇంకొక్క పట్టు. కళ్ళు మూసుకోండి," అంటూ డాక్టరుగారు ట్రేలో తడిమి, చేతికందింది తీశారు.

ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకోలేదు. నోటినిండా దూది ఉంది, దవడ మొద్దుబారి ఉంది, అరుద్దామంటే కుదరలేదు. డాక్టరు మణికట్టు దొరకబుచ్చుకుని పళ్ళు బిగించి పెనుగులాడాడు. పరికరాల బల్ల బోర్లాపడింది. ఆ చప్పుడుకి బయట జీపులో ఉన్న కానిస్టేబులు పరుగెత్తుకొచ్చి డాక్టరుగారి చేతులు వెనక్కి విరిచిపట్టాడు.

"కత్తి ఎవరిది?"

"నాదండీ," అంది రిసెప్షనిస్టు గుమ్మంలోంచి.

"నీకెందుకమ్మా కత్తి?"

"ఆత్మరక్షణకండీ."

కానిస్టేబులు డాక్టరుగారిని ఎగాదిగా చూశాడు. "ఈయన నుంచా? ఎన్నాళ్ళనుంచి జరుగుతోందిది? భయపడకుండా చెప్పు."

ఎన్నాళ్ళనుంచి అన్న మాటే ఆమె చెవిన పడింది. "ఏడేళ్ళనుంచి పనిచేస్తున్నానండీ."

"ఏడేళ్ళా," అని కానిస్టేబులు పట్టు ఇంకాస్త బిగించాడు.

"ఆయనకి సరిగ్గా చెప్పు తల్లీ," అన్నారు డాక్టరుగారు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెను తల్లీ అనడం అదే మొదలు.

ఆమె చూయింగ్ గమ్ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. గమ్ సంగతి కానిస్టేబులు నమ్మలేదు. స్టేషన్‌కు పదమంటూ డాక్టరుగారిని గుమ్మం దాకా నడిపించాడు కూడా. అప్పుడు ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆగమన్నాడు. నోట్లోంచి దూది తీస్తే, దానితోపాటు పన్ను కూడా అరచేతిలో పడింది. పెనుగులాటలో ఎప్పుడో ఊడినట్టుంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. దవడ తడుముకున్నాడు.

"వదిలెయ్యవయ్యా ఆయన్ని," అన్నాడు ముద్దముద్దగా. "నొప్పే తెలీలేదు." పోతూ పోతూ కత్తిని మాత్రం స్టేషన్‌కు తీసుకుపోయాడు.

చెల్లాచెదురైన పరికరాలు ఏరి కడిగి సర్దేసరికి ఆమెకు రోజూ వెళ్ళే వేళే అయింది.

మర్నాడు ఆమె వచ్చేసరికి హాలు నిండిపోయి ఉంది. కూర్చోవడానికి చోటు లేక కొందరు మెట్లమీద ఉన్నారు. ఇన్‌స్పెక్టరు ఊరంతా చెప్పినట్టున్నాడు.

"ఇక్కడ కత్తి చూపించి నొప్పి తెలీకుండా పన్ను తీస్తారటగా?" అని దవడ వాచిన ఒకాయన అడిగాడు.

"ఆ కత్తి పోలీసుల దగ్గరుందండీ," అంది ఆమె నీరసంగా. "ఇక్కడ మామూలుగా పట్టకారుతోనే తీస్తారు."

పట్టకారు అనగానే ముగ్గురు లేచి, కత్తి తిరిగొచ్చాకే వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.