ఏడో నంబరు మడి, నలభై సేవాగంటలు

ముత్తక్క పొయ్యిలోని బూడిదను చేటలోకి తీసి పాత చీర ముక్కలోంచి జల్లిస్తోంది. చిక్కుడు తీగకు పేనుబంక పట్టింది. ఆకు మీద మంచు ఆరకముందే చల్లితే బూడిద అంటుకుని ఉంటుంది, ఆరాక చల్లితే గాలికి పోతుంది. నేను గడప మీద కూర్చుని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని, ఫారం ‘గ’ నింపుతున్నాను.

మనిషి విత్తనం నాటడం నేర్చుకుని కొన్ని వేల ఏళ్లయిందని ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. నాటే అర్హత ఎవరికుందో తేల్చే పద్ధతి మాత్రం 2006 అక్టోబరు దాకా ఎవరికీ తట్టలేదు. ఆ లోటు మా మండలం తీర్చింది. (అంతకుముందు పండినవన్నీ అనర్హుల చేతుల మీద పండినవే. తిన్నవాళ్లకు ఏమీ కాకపోవడం మన అదృష్టం.)

మా గూడెం బడి వెనక ఎకరం నేలలో ఇరవై రెండు మడుల కూరగాయల తోట ఉంది. చుట్టూ ముళ్లకంప దడి, మూలన ఒక బోరింగు. ఇంటికొక మడి. మా మేనత్త ముత్తక్కది ఏడో నంబరు. అందులో చిక్కుడు, వంగ, గోంగూర. ఆమెకు వేరే చేను లేదు. ఏడాదిలో ఆరు నెలలు మా ఇంట్లో కూర ఆ మడి నుంచే వస్తుంది.

దసరా వెళ్లిన వారానికి ఆ తోట ఒక పథకం కిందికి వచ్చింది. తోటమాలుల స్వచ్ఛంద సేవ, నిరంతర విద్య ప్రోత్సాహక పథకం. దానికి మండల సమన్వయకర్తగా ఉదయ్ భాస్కర్ గారు వచ్చారు. ఆయన హోదా రాసిన బోర్డు ఆఫీసు ముందు గోడకు సరిపోక సగం పక్కగోడకు తిరిగింది. మంచి మనిషి. ఎవరినీ విసుక్కోగా నేను చూడలేదు. నియమాలు ఆయనే చదివి వినిపించారు. డిసెంబరు ముప్పై ఒకటి లోపు ప్రతి తోటమాలి పన్నెండు గంటల నిరంతర విద్య, నలభై గంటల స్వచ్ఛంద సేవ పూర్తి చేయాలి. చేయనివారి మడి జిల్లా ప్రతిభా జాబితాలో తర్వాతి పేరుకు వెళుతుంది. సొంత మడిలో చేసిన పని స్వార్థం కిందికి వస్తుంది కాబట్టి లెక్కలోకి రాదు.

మొదటి తరగతి ‘మొక్కలకు నీరు: ఎందుకు, ఎప్పుడు?’ మండల ఆఫీసు హాల్లో పొద్దున ఏడు నుంచి పది దాకా పెట్టారు. పొద్దున ఎండ ఎక్కకముందే నీళ్లు పోయాలని ఉదయ్ భాస్కర్ సారు మూడు గంటలు వివరించారు. ఇరవై రెండు మంది తలలూపారు. మేము షేర్ ఆటోలో ఇల్లు చేరి బోరింగు కొట్టేసరికి పన్నెండు దాటింది.

నాలుగో తరగతి పురుగుల మీద. తెర మీద పేనుబంక బొమ్మ పడగానే కరెంటు పోయింది. చీకట్లో సారు, మీరైతే ఏం చేస్తారని అడిగారు. ముత్తక్క బూడిద గురించి చెప్పింది. ఏ కట్టె బూడిద మంచిది, ఎందుకు జల్లించాలి, పూత మీద ఎందుకు పడకూడదు, అంతా గంటసేపు చెప్పింది. సారు సెల్‌ఫోను వెలుతురులో రాసుకున్నారు. తర్వాత హాజరు పట్టిక చూస్తే ఆ గంట అందరికీ పడింది, ముత్తక్కకు తప్ప. నిరంతర విద్య అంటే నేర్చుకోవడమని, ఆమె ఆ గంటలో ఏమీ నేర్చుకోలేదని సారు బాధపడుతూ చెప్పారు.

“నాకు తెలిసిందే నాకు మళ్ల చెప్తే గంట పడ్తదా సారూ?” అని అడిగింది ముత్తక్క.

“తప్పకుండా పడుతుందమ్మా. శ్రద్ధగా వింటే చాలు.”

తర్వాతి వారం సారు ఒక కాగితం పంచారు. పేరు ‘పొయ్యి ఆధారిత సేంద్రియ పొడి: వినియోగ విధానం’. ముత్తక్క తన మాటలు తానే గంటసేపు శ్రద్ధగా విని గంట సంపాదించుకుంది. (పేరు మాత్రం ఆమెకు కొత్తే. ఆ రకంగా నేర్చుకున్నట్టే.) అలా పన్నెండు గంటల విద్య ఎవరికీ నష్టం లేకుండా పూర్తయింది.

చిక్కు సేవ దగ్గర వచ్చింది.

మా వైపు బదులు అనే పద్ధతి ఉంది. ఈరోజు నువ్వు నా పనికి వస్తే రేపు నేను నీ పనికి వస్తాను. రాసుకోవడం ఉండదు, మరిచిపోవడం అసలే ఉండదు. బదులు తీర్చనివాళ్లను ఎవరూ ఏమీ అనరు. నాట్లప్పుడు పిలవరు, అంతే. సొంత మడి లెక్కకు రాదన్నారు కదా అని ఆడవాళ్లు ఒకరి మడికి ఒకరు నీళ్లు పోయడం మొదలుపెట్టారు. ముత్తక్క పక్కమడి ద్వాలిది. పక్క తండా నుంచి వస్తుంది. ఆమెది ఈమె తడిపింది, ఈమెది ఆమె తడిపింది. నెలకల్లా అందరికీ నలభై గంటలు దాటాయి. ఫారం ‘గ’ అందరికీ నేనే రాశాను. పదో తరగతి పాసైనందుకు అది నాకు పడిన సేవ.

ఏడో గడిలో ఒక ప్రశ్న ఉంది. ‘ఈ సేవకు ప్రతిఫలంగా మీరు ఏమైనా పొందారా?’ ఏమీ లేదని రాయనా అత్తా అని అడిగాను.

ముత్తక్క బిందె కింద పెట్టింది. “ద్వాలి నా మడికి నీళ్లు పొయ్యలేదా? ఏం లేదని రాస్తే రేపు బోరింగు కాడ ఆమె మొకం ఎట్ల చూడాలె? పోసిందని రాయి బిడ్డా.”

ద్వాలి కూడా పోసిందనే రాయించింది. పైగా ముత్తక్క ఒకనాడు గోంగూర కట్ట ఇచ్చిన సంగతి కూడా గుర్తు చేసుకుని అంచున రాయించింది. ఇరవై రెండు ఫారాలూ ఎర్ర సిరా రాతతో తిరిగొచ్చాయి. మా గూడెంలో ఒక్క గంట సేవ కూడా జరగలేదని అందులో ఉంది.

సారు స్వయంగా తోటకు వచ్చి వివరించారు. చేసింది తిరిగి వస్తే అది సేవ కాదని, నిజమైన సేవకు ఏదీ తిరిగి రాకూడదని చెప్పారు.

“తిరిగి రాకుంటే దాన్ని మా తండాల ఎగ్గొట్టుడు అంటరు సారూ,” అంది ద్వాలి.

సారు అది కూడా రాసుకున్నారు.

అయినా ఆయన దారి చూపకుండా పోయే మనిషి కాదు. డిసెంబరులో మండలంలో ఐదు అవగాహన సదస్సులు పెట్టించారు. అక్కడికి వచ్చి జంపఖానాలు పరిచి, తోరణాలు కట్టి, చప్పట్లు కొడితే రోజుకు ఎనిమిది గంటల సేవ. సదస్సు నుంచి ఎవరికీ ఏమీ రాదు కాబట్టి అందులో ప్రతిఫలం ఉన్నట్టు ఎవరూ నిరూపించలేరు. ఐదు రోజులకు సరిగ్గా నలభై గంటలు.

ఇరవై ఒక్క మంది వెళ్లారు. అందరూ పోతే మడులు ఎండిపోతాయని ముత్తక్క ఉండిపోయింది. ఐదు రోజులు ఒక్కతే బోరింగు కొట్టి ఇరవై రెండు మడులకూ నీళ్లు పోసింది. నేను బిందెలు అందించాను. ఇన్ని మడులకు చేస్తే ఒక్క మడికైనా సేవ అనరా అని ఆమె ధీమా. అనేవాళ్లే. కానీ సదస్సులు ముగిసిన మర్నాడే ఇరవై ఒక్క మంది బిందెలతో దిగి బదులు తీర్చేశారు. వద్దు పొండి అని ఆమె దడి దగ్గర అడ్డం నిలబడింది. ద్వాలి నవ్వుకుంటూ ఆమె చంక కిందుగా దూరిపోయింది. ఆ వారం ఏడో మడిలో వరి నాటినా పండేది.

ఏడో గడిలో ముత్తక్క ఇరవై ఒక్క పేర్లు చెప్పింది. జాగా చాలక వెనక పేజీకి వెళ్లాను.

జనవరి రెండో వారంలో ఉత్తరం వచ్చింది. ఇరవై ఒక్క మంది అర్హులు. ముత్తక్క సేవాగంటలు సున్నా. మడి రద్దు. ఉత్తరం చదివి వినిపించాక ఆడవాళ్లు రెండు ఆటోలు కట్టించుకుని ఆఫీసుకు వెళ్లారు. సారు అందరికీ కుర్చీలు వేయించి, రెండు గంటలు ఓపిగ్గా విన్నారు. నియమం తన చేతిలో లేదన్నారు. ఆ రెండు గంటలూ అందరి ఖాతాలో నిరంతర విద్య కింద వేశారు.

జిల్లా జాబితాలో తర్వాతి పేరు హైమ గారిది. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉంటారు. డాబా మీద రెండు తొట్లు, నూట పన్నెండు గంటల నిరంతర విద్య ఉన్నాయి. ఆదివారం సారుతో కలిసి మడి చూసుకోవడానికి వచ్చారు. నెమ్మదైన మనిషి. తీగను వేలితో తాకి, ఇవేం కాయలు ఆంటీ అని ముత్తక్కను అడిగారు. చిక్కుడు బిడ్డా అని చెప్పింది. హైమ గారు చిన్న పుస్తకంలో రాసుకున్నారు. తర్వాత ఒక మంచి ప్రశ్న వేశారు. తను రోజూ అంత దూరం నుంచి రావడం కుదరదు కదా, వీటికి నీళ్లెవరు పోస్తారని.

అందరం బోరింగు వైపు చూశాం.

సారు మొహం మాత్రం వెలిగిపోయింది. ముత్తక్కకు ఇప్పుడు మడి లేదు. మడి లేదు కాబట్టి ఎవరూ ఆమెకు బదులు తీర్చలేరు. హైమ గారు ఖమ్మం నుంచి వచ్చి తీర్చే వీలు అంతకన్నా లేదు. అంటే పథకం పెట్టిన ఇన్ని నెలలకు మండలంలో మొట్టమొదటి కల్తీలేని స్వచ్ఛంద సేవకురాలు దొరికింది. ఏడో మడిలో నలభై గంటలు చేస్తే మడి కోసం దరఖాస్తు పెట్టుకునే అర్హత వస్తుందని, జాబితాలో రెండొందల పద్నాలుగో స్థానం ఖాళీగా ఉందని ఆయన సంతోషంగా చెప్పి, సంచిలోంచి కొత్త ఫారం ‘గ’ తీసి నాకిచ్చారు.

“నీ మడికి నువ్వే పరాయిదానివి అయితివి గదా అక్కా,” అంది ద్వాలి, వాళ్లు వెళ్లాక. అని, తనే మొదట నవ్వింది. ముత్తక్క కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

ఇప్పుడు నేను నింపుతున్నది ఆ ఫారమే. పేరు, ఊరు, మడి నంబరు అయ్యాయి. ఏడో గడి చదివి వినిపించాను. ‘ఈ సేవకు ప్రతిఫలంగా మీరు ఏమైనా పొందారా?’

ముత్తక్క జల్లించడం ఆపి చేటలోకి చూసింది. బయట మంచు ఇంకా ఆరలేదు. బూడిద మూట కట్టుకుంది, బిందె చంకన పెట్టుకుంది, నా పక్కనుంచి గడప దాటి తోట వైపు వెళ్లిపోయింది.

ఏమీ లేదని రాశాను. ఈసారి ఫారంలో తప్పుల్లేవు.